ఆజ్ఞ ఇచ్చింది ఎన్నికైన అధ్యక్షుడే అయితే సిపాయి ఏం చెయ్యాలి? (కొరియా, 2024 డిసెంబర్ 3)

శ్రావణి_విజయనగరం

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి చదువుతున్నాను. సైన్యం మీద పౌర ప్రభుత్వ అదుపు అనే అంశం దగ్గర ఆగిపోయాను. ఏ పుస్తకం తీసినా ఒకటే ఉంటోంది: జనం ఎన్నుకున్నవాళ్ల మాట సైన్యం వినాలి. పాకిస్తాన్, మయన్మార్ గురించి చదివినప్పుడు ఇది తేలిగ్గానే ఎక్కింది. కానీ దక్షిణ కొరియాలో 2024 డిసెంబర్ 3 రాత్రి మార్షల్ లా పెట్టింది జనరల్ కాదు, ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు యూన్ సుక్ యోల్. ఆయన పంపితే పార్లమెంటు మీదికి వెళ్లిన సైనికులు పౌర ప్రభుత్వానికి లోబడినట్టా, ఎదురు తిరిగినట్టా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

సుబేదార్_ప్రకాశం

అమ్మాయ్, నేను ఫౌజులో చేసి రిటైరైనవాణ్ణి. పుస్తకాల సంగతి నాకు తెలీదు, పల్టన్ సంగతి తెలుసు. రాత్రి పన్నెండింటికి లేపి ట్రక్కెక్కమంటే ఎక్కుతాం. ఎక్కడికి, ఎందుకు అని జవాను అడగడు, అడగకూడదు. అడగడం మొదలుపెట్టిన రోజున అది సైన్యం కాదు, తుపాకులున్న గుంపు. పక్క దేశాల్లో తిరుగుబాట్లు ఎలా మొదలయ్యాయి? "ఈ ప్రభుత్వం దేశానికి మంచిది కాదు" అని ఒక జనరల్ తనకు తానే తీర్పు చెప్పుకోవడంతో. అందుకని ఆ సైనికులు వెళ్లడంలో నాకు తప్పు కనపడదు. తప్పు పంపినవాడిది.

సువాన్_కిరణ్

నేను కొరియాలోని సువాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఆ రాత్రి ఇక్కడే ఉన్నాను. వరస తెలిస్తే చర్చ తేలికవుతుంది కాబట్టి రాస్తున్నా.

రాత్రి పదిన్నర కావస్తుండగా అధ్యక్షుడు టీవీలోకి వచ్చాడు. బడ్జెట్ కోతలు, అధికారుల మీద అభిశంసనలు అంటూ ప్రతిపక్షాన్ని దుయ్యబట్టి, దేశ వ్యతిరేక శక్తులను ఏరేస్తానని మార్షల్ లా ప్రకటించాడు. 1980 తర్వాత ఇక్కడ ఆ మాట వినపడటం అదే మొదలు. మా ఆఫీసు గ్రూపులో ముందు అందరూ అది నకిలీ వీడియో అనుకున్నారు. 11 గంటల నుంచి అమల్లోకి వచ్చేలా మార్షల్ లా కమాండర్ పేరుతో ఒకటో నంబరు ఫర్మానా వచ్చింది. జాతీయ అసెంబ్లీ, పార్టీలు, సభలు అన్నీ బంద్. పత్రికలు, టీవీలు సైన్యం అదుపులోకి. సమ్మెలో ఉన్న జూనియర్ డాక్టర్లు 48 గంటల్లో డ్యూటీకి రావాలన్న ఆదేశం కూడా అందులోనే.

ఇక్కడి రాజ్యాంగం 77వ అధికరణం చూడండి. అసెంబ్లీ మొత్తం సభ్యుల్లో సగానికి మించి "ఎత్తెయ్యి" అని తీర్మానిస్తే అధ్యక్షుడు ఎత్తెయ్యాల్సిందే. సభ్యులు 300 మంది, అంటే 151 ఓట్లు కావాలి. కాబట్టి ఆ రాత్రి పోటీ అంతా 151 మంది హాల్లోకి చేరతారా, ఈలోపు సైన్యం హాలును పట్టుకుంటుందా అన్నదే. పోలీసులు గేట్లు మూశారు. స్పీకర్ ఊ వోన్ షిక్ అరవై ఏడేళ్ల వయసులో గోడ దూకి లోపలికి వెళ్లాడు. ప్రతిపక్ష నాయకుడు లీ జే మ్యోంగ్ గోడెక్కుతూ ఫోన్లో లైవ్ పెట్టి జనాన్ని రమ్మన్నాడు. హెలికాప్టర్లలో స్పెషల్ వార్‌ఫేర్ కమాండ్ బలగాలు దిగాయి. కిటికీలు పగలగొట్టి లోపలికి దిగినవాళ్లను సహాయకులు కుర్చీలు, బల్లలు అడ్డం పెట్టి, మంటలార్పే సిలిండర్లు కొట్టి ఆపారు. బయట మామూలు జనం వాహనాలకు అడ్డం నిలబడ్డారు.

ఒంటిగంట దాటగానే ఓటింగ్. హాజరైంది 190, అనుకూలం 190. అందులో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లే. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయన వెనక్కి తగ్గాడు. ఆరు గంటల్లో ముగిసింది.

నాకు బాగా నచ్చినదొకటి చెప్పాలి. సైనికులు భవనంలో ఉండగా, సభ్యులు "తొందరగా ఓటు పెట్టండి" అని అరుస్తుండగా కూడా స్పీకర్ తీర్మానం సరైన పద్ధతిలో సభ ముందుకు వచ్చేదాకా ఆగాడు. రేపు ఎవడూ ఈ ఓటు చెల్లదు అనకూడదని.

అనంత_రమేష్

కిరణ్ గారూ, అందరూ ఆ సైనికుల్ని మెచ్చుకుంటున్నారు. ఎందుకో నాకు అర్థం కాదు. వెళ్లారు కదా? హెలికాప్టర్ ఎక్కారు, అద్దాలు పగలగొట్టారు. 151 మంది చేరకపోయి ఉంటే ఏమయ్యేది?

సువాన్_కిరణ్

న్యాయమైన ప్రశ్న రమేష్ గారూ. వెళ్లినవాళ్లందరూ ఒకలా చెయ్యలేదు. రాజధాని రక్షణ కమాండ్‌లో చో సుంగ్ హ్యున్ అనే కర్నల్ 2025 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ముందు సాక్ష్యం చెప్పాడు. లోపలున్న సభ్యుల్ని బయటికి లాక్కురమ్మని తనకు ఆదేశం వచ్చిందని, వెనక వస్తున్న దళాన్ని అసెంబ్లీ వైపు వెళ్లే సోగాంగ్ వంతెన దాటొద్దని తనే ఆపేశానని. స్పెషల్ వార్‌ఫేర్ కమాండర్ క్వాక్ జోంగ్ గున్ అయితే, సభ్యుల్ని లాగెయ్యమని అధ్యక్షుడే ఫోన్ చేశాడని చెప్పాడు. యూన్ అది అబద్ధమన్నాడు.

2025 ఏప్రిల్ 4న ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఒక్క మాట మీద యూన్‌ను తొలగించారు. అసెంబ్లీ అంత త్వరగా మార్షల్ లాను ఎత్తివేయగలిగింది పౌరుల ప్రతిఘటన వల్లా, సైనికులు, పోలీసులు అంటీముట్టనట్టు పనిచేయడం వల్లా అని తీర్పులోనే రాశారు. కాబట్టి అది అధ్యక్షుడి సంయమనం కింద లెక్కకు రాదన్నారు.

సుబేదార్_ప్రకాశం

అదే నన్ను ఇబ్బంది పెడుతోంది కిరణ్ బాబూ. ఈసారి నెమ్మదిగా పనిచేసింది చెడ్డ ఆదేశం మీద కాబట్టి సంతోషించాం. రేపు మంచి ఆదేశం మీద ఇలాగే కాళ్లీడిస్తే? ఇష్టమైన ఆదేశానికి ఉరకడం, ఇష్టం లేనిదానికి ఈడ్చుకోవడం సైన్యానికి అలవాటైతే దాన్ని అదుపు అంటారా? నాకైతే భయమేస్తుంది.

వకీలు_లక్ష్మి

సుబేదార్ గారూ, మీ భయంలో నిజముంది. కానీ మీరు పనిచేసిన చట్టమే ఒకసారి తీసి చూడండి. 1950 నాటి మన ఆర్మీ యాక్ట్ 41వ సెక్షన్ శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినవాణ్ణి. ప్రతి ఆజ్ఞనూ అనలేదు. దానర్థం జవాను ప్రతిదానికీ వకీలు కావాలని కాదు. ఆజ్ఞ చట్టబద్ధమే అనుకుని నడవాలి, చూడగానే నేరమని తెలిసేదానికి మాత్రం నడవకూడదు. పార్లమెంటు సభ్యుల్ని హాల్లోంచి లాక్కురమ్మనడం ఆ రెండో గంపలోదే. ఏ రాజనీతి తెలియని సిపాయికైనా అది తెలుస్తుంది. కొరియా రాజ్యాంగం మార్షల్ లాలో కూడా అధ్యక్షుడికి అసెంబ్లీని మూసే అధికారం ఇవ్వలేదు.

కొరియాలో అంతకుముందే మొదలై నడిచిన కేసు ఒకటుంది, దాని గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు. 2023 జూలైలో వరదల్లో గల్లంతైనవాళ్లను వెతుకుతూ ఒక యువ మెరైన్ కొట్టుకుపోయాడు. లైఫ్ జాకెట్ లేదు. దర్యాప్తు చేసిన కర్నల్ పార్క్ జంగ్ హున్, పై అధికారుల బాధ్యత కూడా ఉందని నివేదిక రాసి పోలీసులకు పంపాడు. పంపకుండా ఆపమన్న ఆదేశం వినలేదని ఆయన మీదే ధిక్కార నేరం మోపారు. 2025 జనవరి 9న సైనిక న్యాయస్థానం ఆయన్ను నిర్దోషిగా వదిలింది. సైనిక న్యాయస్థానమే, గమనించండి.

శ్రావణీ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. పౌర అదుపు అంటే కుర్చీలో ఉన్న ఒక్క మనిషికి విధేయత కాదు. ఆ అదుపు పగ్గాలు ఒకరి చేతిలోనే ఉండకూడదు. అధ్యక్షుడి చేతిలో కొంత, సభ చేతిలో కొంత, కోర్టు చేతిలో కొంత. డిసెంబర్ 3 రాత్రి ఒకాయన మిగతా రెండు పగ్గాలూ తెంపబోయాడు. పౌర అదుపు మీద దాడి చేసింది ఎన్నికైన పౌరుడే.

కాకతీయ_మాస్టారు

హిస్టరీ చెప్పుకుంట బతికినోణ్ణి, వెనకది కొంచెం చెప్తా. కొరియావాళ్లు ఆ రాత్రి గోడలు దుంకింది ఊరికే కాదు.

1961 మే 16న పార్క్ చుంగ్ హీ తిరుగుబాటు. పద్దెనిమిదేండ్లు ఆయనదే రాజ్యం. 1979 అక్టోబర్ 26న సొంత గూఢచార సంస్థ డైరెక్టరే ఆయనను కాల్చి చంపిండు. దేశం ప్రజాస్వామ్యం దిక్కు మళ్లుతదని అందరూ ఆశపడ్డరు. డిసెంబర్ 12 రాత్రి చున్ డూ హ్వాన్, అప్పటికి రక్షణ భద్రతా కమాండ్ (సైన్యంల నిఘా సంస్థ) అధిపతి, అధ్యక్షుడి అనుమతి లేకుండనే ఆర్మీ చీఫ్‌ను అరెస్టు చేయించిండు. సంతకం తర్వాత పెట్టించుకున్నడు. మరుసటేడు 1980 మే 17న మార్షల్ లా దేశమంతా పాకించిండ్రు, 18 నుంచి గ్వాంగ్‌జూలో జనం మీదికి పారాట్రూపర్లను తోలిండ్రు. అధికారిక లెక్కలోనే 150 మందికి పైగా పౌరులు సచ్చిపోయిండ్రు. ఆ జిల్లాల పోలీసు బాసు ఆన్ బ్యుంగ్ హా జనం మీద తుపాకులు ఎత్తనని నిలబడ్డడు. ఆయనను తీసేసి చిత్రహింసలు పెట్టిండ్రు. సుబేదార్ సాబ్, "మాట వినలేదు" అనే లెక్కల ఇసువంటోళ్లు కూడా ఉంటరు.

ఇంక అసలు సంగతి. చున్ వెనక ఉన్నది మొత్తం ఆర్మీ కాదు, హనహ్వే అనే రహస్య సంఘం. మిలిటరీ అకాడమీల ఒక బ్యాచ్ దోస్తులు కట్టుకున్నది. మంచి పోస్టులు, రాజధాని చుట్టూ ఉన్న దళాలు, నిఘా కమాండ్ అన్నీ తమవాళ్లకే. 1993 ఫిబ్రవరి 25న కిమ్ యంగ్ సామ్ అధ్యక్షుడైండు. ముప్పై ఏండ్లకు పైబడి కొరియా చూసిన, ఓట్లతో గెలిచిన మొదటి సైనికేతర నాయకత్వం అది. రెండు వారాలు తిరగకముందే ఆర్మీ చీఫ్‌ను, నిఘా కమాండర్‌ను ఒక్క దెబ్బల తీసేసిండు. వాళ్లు కూడబలుక్కునే టైం ఇయ్యలేదు. తర్వాత కేసులు నడిచి చున్‌కు 1996ల మరణశిక్ష పడ్డది, అది యావజ్జీవం అయింది, 1997 డిసెంబర్‌ల క్షమాభిక్ష పెట్టిండ్రు. ఆ క్షమాభిక్ష నాకు ఇప్పటికీ మింగుడు పడదు. గ్వాంగ్‌జూ తల్లులకు క్షమాపణ చెప్పకుండనే 2021ల పోయిండు ఆ మనిషి.

ఇప్పుడు 2024 చూడున్రి. రక్షణ మంత్రి కిమ్ యోంగ్ హ్యున్, నిఘా కమాండర్ యో ఇన్ హ్యుంగ్, అధ్యక్షుడు యూన్, ముగ్గురూ చుంగామ్ హైస్కూలు పూర్వ విద్యార్థులు. హనహ్వే పోయింది గని మనోళ్లను కీలకమైన కుర్చీల్లో పెట్టుకునే అలవాటు పోలేదు. ఆ నిఘా సంస్థ సంగతి గూడ అంతే. 2017ల మార్షల్ లా ప్లాను రాసిందని తేలి 2018ల రద్దు చేసిండ్రు. పేరు మార్చి మళ్ల పెట్టిండ్రు, 2022ల ఇంకోసారి పేరు మార్చిండ్రు. 2024ల మళ్ల అదే సంస్థ ముందున్నది. బోర్డు మార్చుడు సంస్కరణ ఎట్లయితది?

అనంత_రమేష్

మాస్టారూ, చరిత్ర బాగుంది. ఇక్కడ ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి అడుగుతాను. చట్టవిరుద్ధమైన ఆదేశాలు పాటించొద్దని సైన్యానికి, పోలీసులకు చెప్పిన నాయకుడు మన దేశంలోనూ ఉన్నాడు. 1975 జూన్ 25న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్. మర్నాడు రేడియోలో ఇందిరాగాంధీ ఎమర్జెన్సీకి చెప్పిన కారణాల్లో అదొకటి: సైన్యాన్ని తిరుగుబాటుకు రెచ్చగొడుతున్నారని. లక్ష్మి గారు చెప్పే "చట్టబద్ధమైన ఆజ్ఞ" సిద్ధాంతాన్ని ప్రతిపక్ష నాయకుడు వేదికెక్కి చెబితే, అది కూడా సైన్యాన్ని రాజకీయాల్లోకి లాగడమే కదా?

వకీలు_లక్ష్మి

జేపీ చెప్పింది చట్టంలో ఉన్నదే. చెప్పిన చోటు వేరు. ప్రభుత్వం దిగిపోవాలని లక్షల మంది కూడిన సభలో ఆ మాట అంటే, ఏది చట్టవిరుద్ధమో వేదిక మీదివాళ్లు నిర్ణయిస్తారన్న అర్థం వస్తుంది. అంతమాత్రాన ఎమర్జెన్సీ న్యాయం అయిపోదు.

ఆ రాత్రికీ కొరియా రాత్రికీ ఒక పోలిక ఉంది. 1975లో రాష్ట్రపతి సంతకం జూన్ 25 రాత్రే అయిపోయింది, మంత్రివర్గానికి తెలిసింది మర్నాడు పొద్దున. సియోల్‌లో మంత్రుల సమావేశం అయిదు నిమిషాల్లో ముగిసింది, మినిట్స్ లేవు. రెండు చోట్లా పక్కన కూర్చోవలసినవాళ్లను అలంకారానికి పిలిచారు. మనం దానికి మందు వేశాం. 1978లో 44వ సవరణతో "అంతర్గత కల్లోలం" తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టారు. మంత్రివర్గం రాతపూర్వకంగా సలహా ఇస్తేనే రాష్ట్రపతి ప్రకటించాలి. నెలలోపు రెండు సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. లోక్‌సభ సభ్యుల్లో పదో వంతు మంది నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టి, మామూలు మెజారిటీతో ఎత్తేయించవచ్చు.

కొరియావాళ్లకు ఒంటిగంట రాత్రి పనికొచ్చిన మీట మనకు 14 రోజుల దూరంలో ఉందన్నది మాత్రం మరిచిపోకూడదు.

మోడరేటర్_సాయి

ఇప్పటి పార్టీల పేర్లతో వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. విషయం మీద ఉండండి.

కాకతీయ_మాస్టారు

రమేష్ తమ్మీ ఢిల్లీ దాక పోయిండు, మనం హైదరాబాద్ దగ్గర్నే ఆగుదాం. సైనిక పాలన కింద బతికిన తెలుగోళ్లు మనమే. 1948 సెప్టెంబర్ 13న ఆపరేషన్ పోలో మొదలైతే ఐదు రోజుల్లోపే నిజాం సైన్యం చేతులెత్తేసింది. వెంటనే మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్‌గ కూసున్నడు. 1949 చివరి దాక ఆయనదే పరిపాలన. జాగీర్లు రద్దు చేసిన రెగ్యులేషన్ 1949 ఆగస్టుల ఆయన హయాంల వచ్చిందే. మా తాత ఆ ముచ్చట మెచ్చుకుంటనే, అదే మిలిటరీ పల్లెల్ల కమ్యూనిస్టు దళాల కోసం చేసిన గాలింపులు చెప్పి తల కొట్టుకునేటోడు. రెండూ నిజమే. తర్వాత ఐ.సి.ఎస్. అధికారి వెల్లోడి ముఖ్యమంత్రి అయిండు, 1952ల ఎన్నికలు, బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం.

నేను చెప్పేది ఏందంటే, చౌదరి కుర్చీ ఇచ్చి బ్యారక్‌కు వాపస్ పోయిండు. తర్వాత దేశానికే ఆర్మీ చీఫ్ అయిండు. ఒక రాష్ట్రాన్ని ఏలిన జనరల్ మళ్ల మామూలుగ యూనిఫాంల పని చేసుకున్నడు. పార్క్ చుంగ్ హీ గూడ 1961ల బ్యారక్‌లకు తిరిగి పోతమని మాటిచ్చినోడే, పోలె.

అనంత_రమేష్

చౌదరి వెనక్కి వెళ్లింది ఆయన మంచితనమో కాదో నాకు తెలియదు మాస్టారూ. పైన పటేల్ ఉన్నాడు, ఢిల్లీలో రాజ్యాంగ సభ నడుస్తోంది, చుట్టూ మిగతా దేశముంది. ఒక రాష్ట్రంలో జనరల్ పాలన, దేశంలో జనరల్ పాలన ఒక తక్కెట్లో పెట్టకూడదు.

కాకతీయ_మాస్టారు

ఒప్పుకుంట. అదే అసలు కారణం కావచ్చు.

సుబేదార్_ప్రకాశం

రెండు రోజులు చదివి రాస్తున్నాను. లక్ష్మమ్మా, 41వ సెక్షన్ మాట ఒప్పుకుంటాను. మాకు ట్రైనింగులో చెప్పిందే. నేను ఇంకో వైపు చూస్తున్నాను. జవాను దాకా చెడ్డ ఆజ్ఞ వచ్చిందంటే పైన నాలుగు మెట్ల మీద ఎవరూ ఆపలేదని అర్థం. ఆ మెట్ల మీద ఎవరు కూర్చుంటారన్నదే అసలు విషయం, మాస్టారు చెప్పిన స్కూలు దోస్తుల సంగతి అదే.

మనకూ ఆ గాయం ఉంది. 1959 ఆగస్టు 31న అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్య రాజీనామా ఇచ్చాడు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక. బి.ఎమ్. కౌల్ అనే సైనికాధికారికి ఇచ్చిన ప్రమోషన్ ఆ గొడవలో పెద్ద ముల్లు. నెహ్రూ నచ్చజెప్పి వెనక్కి తీయించి, పార్లమెంటులో పౌర అధికారమే పైది అని గట్టిగా చెప్పాడు. ఆ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. కానీ అదే కౌల్‌ను 1962లో యుద్ధానికి కాస్త ముందు కోర్ కమాండర్ని చేసి ఈశాన్యానికి పంపారు. ఆయన యుద్ధంలో పెద్ద దళాన్ని నడిపిన అనుభవం లేనివాడు. ఫలితం పోయినవాళ్ల ఇళ్లలో అడగండి. పౌర ప్రభుత్వానికి జనరల్‌ని ఎంచుకునే హక్కు ఉంది. మనవాడు అని ఎంచుకుంటే దెబ్బ తగిలేది సరిహద్దులో ఉన్న కుర్రాడికి.

అందుకే సీనియారిటీ ఆచారం మీద నాకు మమకారం. 1983లో ఎస్.కె. సిన్హాను దాటించి వైద్యను, 2016లో ఇద్దరిని దాటించి రావత్‌ను చీఫ్ చేశారు. ఆ ఎంచుకున్నవాళ్లు తక్కువవాళ్లని నేను అనను, ఇద్దరి కిందా పనిచేసిన మిత్రులు గౌరవంగానే చెబుతారు. అయినా ఒకసారి ఆ తలుపు తెరిస్తే తర్వాతి వరుసలో ఉన్న జనరల్ ఎటు చూస్తాడు? ముందుకా, ఢిల్లీ వైపా?

వకీలు_లక్ష్మి

ఇక్కడ మీతో పూర్తిగా కలవలేను సుబేదార్ గారూ. సీనియారిటీ ఒక్కటే కొలమానమైతే పుట్టిన తేదీ చీఫ్‌ను ఎన్నుకున్నట్టు. ఎంపిక ప్రభుత్వానిదే ఉండనివ్వండి, కారణాలు పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందు పెట్టమనండి. 2022లో నిబంధనలు మార్చి రిటైరైన లెఫ్టినెంట్ జనరల్స్ కూడా చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ కావచ్చన్నారు. మూడు దళాలకూ సంబంధించిన అంత పెద్ద మార్పు సభలో పెద్ద చర్చ లేకుండా గెజెట్‌లో వచ్చేసింది. నా అభ్యంతరం ఎంపికైన వ్యక్తి మీద కాదు, చర్చ జరగకపోవడం మీద.

సువాన్_కిరణ్

ఇక్కడ తర్వాత ఏం మారిందో రాస్తాను. 2025 జూన్ 3 ఎన్నికల్లో లీ జే మ్యోంగ్ గెలిచాడు. జూలైలో ఆన్ గ్యూ బాక్‌ను రక్షణ మంత్రిని చేశాడు. యూనిఫాం నేపథ్యం లేని మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం 1961 తర్వాత ఇదే మొదలు. 64 ఏళ్లు. 1987 నుంచి ఎన్నికలు సక్రమంగా జరుగుతున్నా ఆ మంత్రిత్వ శాఖ మాత్రం రిటైర్డ్ జనరల్స్ చేతుల్లోనే ఉండిపోయింది. మన దేశంలో మొదటి రోజు నుంచీ ఉన్నదాన్ని వీళ్లు ఇప్పుడు వార్తగా చదువుకున్నారు. సెప్టెంబర్‌లో నాలుగు నక్షత్రాల జనరల్స్ ఏడుగురినీ ఒకేసారి మార్చేశాడు. మా సహోద్యోగుల్లో కొందరికి ఇది నచ్చలేదు. ఏడుగురినీ కొత్త అధ్యక్షుడే ఎంచుకుంటే మళ్లీ మనవాళ్ల జాబితా మొదలవదా అని. సుబేదార్ గారి బెంగే.

మార్షల్ లా చట్టాన్ని కూడా జూలైలోనే సవరించారు. మార్షల్ లా ఉన్నా సరే, స్పీకర్ అనుమతి లేకుండా సైన్యం, పోలీసులు అసెంబ్లీ ఆవరణలో కాలు పెట్టకూడదు.

శ్రావణి_విజయనగరం

అందరికీ కృతజ్ఞతలు. లక్ష్మి మేడమ్, ఒక్కటి మిగిలింది. మన రాజ్యాంగంలో 34వ అధికరణంలో మార్షల్ లా అనే మాట ఉంది కదా. దాన్ని ఎవరు ప్రకటించాలి, ఎవరు ఎత్తెయ్యాలి అన్నది ఎక్కడ రాసి ఉంది?

వకీలు_లక్ష్మి

ఎక్కడా లేదు శ్రావణీ. 34 చెప్పేదల్లా, ఏదైనా ప్రాంతంలో మార్షల్ లా ఉన్నప్పుడు శాంతిభద్రతల కోసం చేసిన పనులకు పార్లమెంటు తర్వాత చట్టం చేసి రక్షణ కల్పించవచ్చని. ప్రకటించే అధికారం ఎవరిదో, ఎంతకాలమో, సభ ఎలా ఎత్తేయించాలో ఒక్క వాక్యం లేదు. ఎమర్జెన్సీ గురించిన 352వ అధికరణానికి 44వ సవరణ తాళాలు వేసింది, 34 జోలికి పోలేదు. కొరియావాళ్ల 77 లాంటిది మనకు ఇక్కడ కావాలని నా అభిప్రాయం. పరీక్షలో రాసేటప్పుడు 34, 352 రెండింటినీ కలిపెయ్యకు, చాలామంది అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

సుబేదార్_ప్రకాశం

ఇది నాకు తెలీదమ్మా. ఆ 34 మీద ఇంకో చర్చ తెరవండి. మా మాజీ సైనికుల సంఘంలో చదివి వినిపిస్తాను, వాళ్ల మాటా ఇక్కడ రాస్తాను.